లేవని గీత

శారదా నదికి గండి పడి, చెరుకు చేల మీద మోకాటి లోతున ఇసక మేట వేసి పోయిన వరద ఒకటుంది. చోడవరం చుట్టుపట్ల పిల్లల వయసులూ, ఆవుల ఈతలూ ఇప్పటికీ ఆ వరద నుంచే లెక్క. ఆ వరద వెళ్ళిన ఆరో ఏట, చక్కెర ఫ్యాక్టరీ తెరిచిన రోజున, తన పెళ్ళానికి వాసన పోయిందని తవిటయ్యకి తెలిసింది.

ఏటా చెరుకు కోతలకి ఫ్యాక్టరీ తెరిచారంటే ఊరికి చెప్పేది సైరను. తవిటయ్య ఇంటికి మాత్రం సైరనుతో పనిలేదు. మొదటి పెనం కాగి ఆ తీపి కమురు గాలిలోకి ఎక్కిందో లేదో, అచ్చియ్యమ్మ చేటలో బియ్యం చేటలోనే వదిలేసి వాకిట్లోకి వచ్చి ముక్కు పైకెత్తేది. "ఇదిగో, ఫేక్టరీ తెరిసేరు. కత్తి నూరుకో" అనేది. కాపరానికి వచ్చి, ఊళ్ళో ఫ్యాక్టరీ అంటూ వెలిసిన దగ్గర్నుంచీ ఏ ఏడూ ఈ మాట తప్పలేదు. అప్పటికింకా పక్కింటివాళ్ళకి ఏ వాసనా తగిలి ఉండేది కాదు.

ఆ ఏడు సైరను కూసింది. గాలి తిరిగింది. వీధంతా పిడికిలితో పట్టుకోవచ్చు అన్నంత వాసన. అచ్చియ్యమ్మ అరుగు మీద కూర్చుని రాళ్ళేరుకుంటూనే ఉంది. తవిటయ్య కత్తి ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నం దాకా చూశాడు. చివరికి తనే అన్నాడు.

"ఫేక్టరీ తెరిసేరు."

"అలాగేటి" అంది ఆవిడ, చేటలోంచి తల ఎత్తకుండా.

తవిటయ్యది తక్కువ మాట. మూడు మాటలు ఆడవలసిన చోట ఒకటి ఆడి, ఆ ఒకటీ దండగయిందే అనుకునే మనిషి. ఈ సంగతీ ఎవరితోనూ అనలేదు. జలుబు చేసిందేమో అనుకున్నాడు. ఉప్పు రెండుసార్లు వేసిన కూర తిన్నాడు. ఆవుకి కుడితి పెట్టాను అని ఆవిడ చెప్పిన రోజుల్లో తనే మళ్ళీ వెళ్ళి కుడితి పెట్టి వచ్చాడు. ఇంట్లో మనవరాలుంది, దాన్ని చూసుకోవడంలో ఏ లోటూ రావడం లేదు కదా, ఇంకేం కావాలి అనుకున్నాడు.

మనవరాలి పేరు హేమశ్రీ. మూడో ఏడు నడుస్తోంది. కొడుకు శివాజీ విశాఖపట్నంలో ఇనప ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. కోడలు రూపాదేవి అక్కడే గాజువాకలో ప్రైవేటు బళ్ళో టీచరు. పాలు మాన్పించిన నాటి నుంచీ పిల్ల నాయనమ్మ దగ్గరే పెరుగుతోంది. ఆదివారం ఆదివారం తల్లీ తండ్రీ బస్సు దిగి వచ్చి, చూసి వెళతారు. అచ్చియ్యమ్మకి ఆ గుంటే లోకం. చంక దింపేది కాదు. గేదెకి గడ్డి వేసినా చంకలో గుంట, సంతకి వెళ్ళినా చంకలో గుంట.

ఆవిడని వదలనిది ఇంకొకటి ఉండేది, అది చుట్ట. అడ్డచుట్ట. ఈ ఊళ్ళు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మగవాళ్ళు చుట్టని మామూలుగా చల్లని కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆడవాళ్ళు నిప్పున్న కొసని నోట్లోకి తిప్పుకుంటారు. ఊడ్పుల్లో చేతులు బురదలో ఉంటాయి, నెత్తిన వాన పడుతుంది. నిప్పు నోట్లో ఉంటే వాన ఆర్పలేదు, బుగ్గలు వెచ్చగా ఉంటాయి, పొగ కూడా ఎవరికీ కనబడదు. అచ్చియ్యమ్మకి వాళ్ళమ్మ నేర్పింది. అంటించడం, ఒక్క విసురున తిప్పి నోట్లో పెట్టుకోవడం ఆవిడకి కన్ను ఆర్పినట్టే. చూసుకునేది కాదు. ఒక్కనాడూ నాలిక కాలలేదు.

చదువుకున్న కోడలు వచ్చాక ఆ చుట్ట వాకిలి వదిలి పశువుల శాల వెనక్కి వెళ్ళింది. రూపాదేవి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది, అంతే. అది చాలింది.

ఒక ఆదివారం ఉదయం స్టవ్ మీద పాలు పెట్టి, అచ్చియ్యమ్మ గుంటని ఉయ్యాలలో వేసి ఊపుతూ కూర్చుంది. స్టవ్ పైన తాడు మీద ఆరేసిన పిల్ల గౌను జారి మంట మీద పడింది. గౌను కాలింది, పాలు పొంగి మాడాయి, తాడు అంటుకుంది. ఇల్లంతా కమురు. ఆవిడ స్టవ్‌కి వీపు పెట్టి జోల పాడుతూనే ఉంది. ఎదురింటి సన్యాసమ్మ పరిగెత్తుకొచ్చి కుండెడు నీళ్ళు కుమ్మరించింది.

"ఓలమ్మోలమ్మ! కొంప కాలిపోతంటే పాటలేటొదినా? ముక్కుందా, సంతలో మరిసిపోయేవా?"

"ఏటి? ఏటయ్యింది?" అంది అచ్చియ్యమ్మ.

ఆ పొగ ఇంకా గడప దాటకముందే శివాజీ, రూపాదేవి బస్సు దిగి వచ్చారు. రూపాదేవి నల్లబడ్డ తాడు చూసింది, తాడుకి రెండు జానల దూరంలో ఉన్న ఉయ్యాల చూసింది. పిల్లని ఎత్తుకుని వీధి అరుగు మీదకి వెళ్ళి కూర్చుంది. సాయంత్రం దాకా దింపలేదు.

"మీ అమ్మ మంచిది కాదనట్లేదండీ" అంది మొగుడితో. తవిటయ్య గోడ అవతల ఉన్నాడని తెలుసు, అయినా గొంతు తగ్గించలేదు. "పిల్ల కాలిపోయాక ఆవిడ మంచితనం నేనేం చేసుకోను?"

  మరుసటి వారం శివాజీ ఒక కబురు తెచ్చాడు. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో సత్యారావు అనే డాక్టరున్నాడు, పైదేశంలో చదివి వచ్చాడు, ముసలివాళ్ళకి మతిమరుపు జబ్బు వస్తోందో లేదో వాసన పెట్టి చూస్తున్నాడు. ఊరికే చూస్తాడు, డబ్బక్కర్లేదు.

"వాసన పెట్టి సూడ్డానికి డాక్టరెందుకురా?" అంది సన్యాసమ్మ. "ఎండుచేప కాల్చి ముక్కు కాడ పెడితే నేను సెప్పనా?"

పట్నం ప్రయాణమని అచ్చియ్యమ్మ తలకి ఆముదం దట్టంగా పెట్టి, నున్నగా దువ్వి ముడి వేసుకుంది. ఆసుపత్రిలో నర్సు ఆ తల చూసి నెత్తి కొట్టుకుంది.

"ఈ జిడ్డు మీద తీగ నిలుస్తుందా, ముసలమ్మా? తల రుద్దుకుని రమ్మని చెప్పాం కదా!"

"నూనె రాసుకోకుండా పట్నం వొత్తారేటమ్మా? నేనేటి సావు పరామర్శకి వచ్చేనా?"

రెండుసార్లు సబ్బు పెట్టి రుద్దితే గాని జిడ్డు పోలేదు. అప్పుడు మాడు మీద, చెవుల వెనక ఏదో జిగురు పూసి తీగలు అంటించారు. ముక్కులో ఒక సన్నని గొట్టం పెట్టారు. ఆ గొట్టంలో ఎప్పుడూ వెచ్చటి గాలి వస్తూనే ఉంటుంది. మధ్యమధ్య ఆ గాలిలోకి ఒక చిటికె సేపు గులాబి వాసనో, కుళ్ళిన గుడ్డు వాసనో కలుపుతారు. నోటితో ఊపిరి పీల్చుకుంటూ ఊరికే కూర్చోవాలి.

"ఏం వాసనో సెప్పాలా బాబూ?" అని అడిగాడు శివాజీ.

"అక్కర్లేదు. అదే ఇందులో గొప్ప" అన్నాడు డాక్టరు. నెరిసిన మీసం, మెత్తని మాట. "పేరు అడిగితే చదువురానివాళ్ళు తడబడతారు, బిడియపడేవాళ్ళు చెప్పరు. అందుకని మనిషిని అడగం, మెదడునే అడుగుతాం. వాసన తగలగానే మెదడులో ఒక అల లేస్తుంది. అదే వాసన మళ్ళీ మళ్ళీ వదిలి, అలలన్నీ కంప్యూటరు కలిపి ఒక గీతగా చూపిస్తుంది. ఆల్జీమర్స్ అని ఒక జబ్బుంది. అది వచ్చేవాళ్ళలో చాలామందికి మతి కంటే ముందు వాసన తప్పుతుందని అంటున్నారు. మేం అదే చూస్తున్నాం. ఇంకా పరిశోధనే. దీన్నిబట్టి జబ్బని ముద్ర వెయ్యకూడదు."

రూపాదేవి తలూపింది. చివరి మాట ఆవిడ చెవిన పడినట్టు లేదు.

"చుట్ట, బీడీ, ముక్కుపొడుం ఏమైనా అలవాటుందా ఈవిడకి?"

శివాజీ నోరు తెరిచాడు. "అబ్బే, మా ఇంట్లో అలాంటివేం లేవు సార్" అంది రూపాదేవి. శివాజీ నోరు మూసుకున్నాడు. తవిటయ్య గోడ మీద బల్లిని చూశాడు. పట్నపు ఆసుపత్రిలో, కోడలి ముందు, తన పెళ్ళాం నోట్లో నిప్పు పెట్టుకుంటుందని చెప్పాలంటే ఆయనకీ నోరు రాలేదు.

అచ్చియ్యమ్మది అయ్యాక డాక్టరు తవిటయ్యని పిలిచాడు. ఆవిడ ఈడు మనిషిది ఒకటి పక్కన పెట్టుకుని చూడాలట. తవిటయ్య తలకీ తీగలు అంటించారు. గులాబి వాసన వచ్చింది, గుడ్డు కంపు వచ్చింది. తర్వాత రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టారు. తవిటయ్య కాగితం మీద గీత చెరుకు గట్టులా ఎత్తుగా లేచి దిగింది. అచ్చియ్యమ్మ కాగితం మీద గీత నీళ్ళు నిలిచిన మడిలా ఉంది. గాలికి కదిలినట్టు చిన్న వణుకు, అంతే.

చదువు రానివాడికైనా తెలుస్తుంది ఆ తేడా. తవిటయ్యకి తన కాగితం చూసి సిగ్గేసింది. పెళ్ళాం పస్తుండగా తను కడుపునిండా తిన్నట్టు.

ఇంతలో పెరట్లోంచి నర్సు కేక. "సార్! సార్! ముసలమ్మ నోట్లో నిప్పు పెట్టుకుంది సార్!"

అందరూ పరిగెత్తారు. అచ్చియ్యమ్మ గోడ వారన గొంతుక్కూర్చుని ఉంది. పెదాల మధ్య నల్లటి చుట్ట ముక్క కొద్దిగా బయటికి కనిపిస్తోంది. తల ఇంకా తడిగానే ఉంది.

"ఏటలాగ అరుత్తావు గుంటా?" అంది నర్సుతో. "నువ్వెప్పుడూ సూళ్ళేదా?"

డాక్టరు ఆవిడ నోరు తెరిపించి, టార్చి వేసి చూశాడు. అంగిలి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. వెనక్కి తిరిగి రూపాదేవిని చూశాడు. రూపాదేవి ముఖం ఎర్రబడింది.

"ఎన్నేళ్ళ నుంచి?"

"కాపరానికొచ్చినప్పట్నుంచి బాబూ" అన్నాడు తవిటయ్య.

"ఇంత పొగ, ఇంత వేడి. ముక్కు ఎప్పుడో మొద్దుబారి ఉండొచ్చు. అప్పుడు ఈ గీతకి అర్థమే లేదు." డాక్టరు తవిటయ్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఇది చెప్పండి. ఈవిడకి ఇదివరకు వాసన బాగా తెలిసేదా? ఈమధ్యే తగ్గిందా? లేక ఎప్పుడూ అంతేనా?"

తవిటయ్యకి వాకిట్లో ముక్కెత్తిన అచ్చియ్యమ్మ కనిపించింది. కత్తి నూరుకో అన్న గొంతు వినిపించింది. అన్నేళ్ళు చుట్ట కాలుస్తూనే ఊరందరికంటే ముందు వాసన పట్టిన మనిషి. అది చెబితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. పిల్ల ఇక ఆ ఇంట్లో ఉండదు.

"ఎప్పుడూ అంతే బాబూ" అన్నాడు. "దానికి మొదట్నించీ ముక్కు నేదు."

"అయితే చుట్ట మానిపించండి. పూర్తిగా. శివరాత్రి వెళ్ళాక మళ్ళీ తీసుకురండి. ముక్కు కొంచెం తేరుకున్నా గీత లేస్తుంది, చూద్దాం."

బస్టాండులో రూపాదేవి ఒకే మాట చెప్పింది. "శివరాత్రి దాకా హేమ మా అమ్మ దగ్గర కె.కోటపాడులో ఉంటుంది. గీత లేస్తే నేనే తెచ్చి అత్తయ్య చేతిలో పెడతాను. ఒట్టు." శివాజీ బస్సు బోర్డు చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

అచ్చియ్యమ్మకి ఇంటి దగ్గర తవిటయ్యే చెప్పాడు. సుట్ట మానితే గుంటొత్తాది అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, నడుం దగ్గర దోపుకున్న పొగాకు తీసి ఆయన చేతిలో పెట్టేసింది. "దానికోసం అన్నమే మానీగలను. సుట్టెంత?" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో పాత అచ్చియ్యమ్మే ఉంది. తవిటయ్య ఆ పొగాకు కట్టని అటక మీద తాటాకు సందున దోపాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. మర్నాడు పొద్దున్న ఆవిడ లేచి నడుం తడుముకుంది.

"నా సుట్టేదయ్యా?"

తవిటయ్య మళ్ళీ చెప్పాడు. ఆవిడ విని, "గుంటేది మరి?" అంది. అదీ చెప్పాడు. ఆవిడ అప్పుడే విన్నట్టు గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఆ మర్నాడూ అదే. కొన్నాళ్ళు పొద్దున్న ఒకసారి, తర్వాత్తర్వాత దీపాలవేళ కూడా. చుట్టా, గుంటా రెండూ ఆవిడకి రోజూ కొత్తగా పోతున్నాయి. జన్మంతా ఆడని మాటలన్నీ తవిటయ్య ఆ చలికాలంలో ఆడవలసి వచ్చింది. మొదట్లో ఓపిగ్గా చెప్పాడు. తర్వాత విసుక్కున్నాడు. ఒకరోజు "సచ్చిపోనాది గుంట!" అని అరిచి, తన నోటికి తనే భయపడి చేలోకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి ఆవిడ ఆ మాట కూడా మర్చిపోయి ఉంది. దానికి సంతోషపడాలో ఏడవాలో ఆయనకి తెలియలేదు.

సన్యాసమ్మ చుట్ట నోట్లో అడ్డంగా పెట్టుకుని అరుగు మీంచి చూసేది.

"ముక్కు కోసం నోరు కట్టీసేవు, అన్నా. రేపు సెవి కోసం కాళ్ళు ఇరగ్గొడతావేటి?"

"నోరుముయ్యే."

"నానెందుకు ముయ్యాల? నా నోట్లో సుట్టుంది, నీ పెళ్ళానికి నేదు. ఒక్కటివ్వు, పాపం, ఒక్క దమ్ము. ఎవడు సూడొచ్చేడు?"

ఇవ్వలేదు. ఒకరోజు అచ్చియ్యమ్మ శాల వెనక చూరులో ఎప్పటిదో పాత చుట్ట ముక్క దొరకబుచ్చుకుంది. పొయ్యిలో నిప్పుకి అంటించి, మామూలుగానే ఒక్క విసురున తిప్పి నోట్లో పెట్టుకుంటుండగా తవిటయ్య చేయి పట్టుకున్నాడు. ఆవిడ వదల్లేదు. ఆయన ముంజేయి మీద గోళ్ళు దిగేలా రక్కింది. పశువులు బెదిరాయి. చివరికి చుట్ట పేడలో పడింది.

"గుంట కోసమే" అన్నాడు తవిటయ్య వగరుస్తూ. "గుంటొద్దా నీకు?"

ఆవిడ పేడలో ఆరిపోయిన చుట్టని చూసింది, ఆయన ముంజేతి మీద నెత్తురు చూసింది. కొంగుతో తుడిచింది.

"ఒత్తాదంటావా?"

"ఒత్తాది."

పేడ అంటిన ఆ చేతిని తవిటయ్య ఆవిడ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, "పేడ వాసన వేత్తందా?" అని అడిగాడు. ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ చూపు కూడా ఆయన ముఖం మీదే ఉంది, ఏ జవాబు చెబితే బాగుంటుందో అక్కడ వెతుక్కుంటున్నట్టు.

"ఏత్తంది" అంది.

తవిటయ్య నమ్మాడు. నమ్మాలని ఉన్నవాడికి అంతకన్నా ఏం కావాలి?

శివరాత్రి వెళ్ళింది. తలకి నూనె లేకుండా వెళ్ళారు ఈసారి. రూపాదేవి పిల్లని వెంట తెచ్చింది. గీత లేస్తే అక్కడే అత్త చేతిలో పెడదామని. ఆవిడ ఒట్టు ఆవిడ మర్చిపోలేదు. అచ్చియ్యమ్మ పిల్లని చూసి చేతులు చాచింది. పిల్ల ముందు తల్లి మెడ కరుచుకుంది, తర్వాత నవ్వి నాయనమ్మ చంకెక్కింది.

దారిపొడుగునా తవిటయ్య ఒక ఆలోచన చేసుకుంటూ వచ్చాడు. డాక్టరు తన గీత పక్కన పెట్టుకునే కదా ఆవిడ గీత పొట్టిదంటున్నాడు. తన గీత కూడా పడుకుంటే? ఈడు మీరినవాళ్ళందరికీ ఇంతే కాబోలు అనుకుంటాడు. చేలో పక్క మడిలోనూ పైరు లేవకపోతే నా మడిని ఎవరూ తప్పు పట్టరు. అందుకని ఆయనే అడిగాడు, "నాకూ మళ్ళీ సూడండి బాబూ" అని.

గొట్టం ముక్కులో పెట్టగానే ఊపిరి బిగబట్టాడు. గులాబి వచ్చేటప్పుడు బిగబట్టాడు, గుడ్డు వచ్చేటప్పుడు బిగబట్టాడు. కళ్ళెర్రబడ్డాయి, చెవులు గుయ్యిమన్నాయి. కళ్ళు మూసుకుని చచ్చిన పీనుగులా కూర్చుంటే మెదడు కూడా ఊరుకుంటుందనుకున్నాడు.

డాక్టరు కాగితం చూసి నవ్వాడు. "ఎందుకు పెద్దాయనా ఈ అవస్థ? గాలి మేమే లోపలికి పంపుతున్నాం. మీరు పీల్చినా పీల్చకపోయినా వాసన తగులుతుంది."

తవిటయ్య గీత మొదటిసారి కంటే ఎత్తుగా లేచింది.

అచ్చియ్యమ్మది లేవలేదు. ఆ చిన్న వణుకు కూడా ఈసారి లేదు.

డాక్టరు నవ్వు మానేశాడు. చాలాసేపు కాగితం తిప్పి తిప్పి చూశాడు. "చుట్ట నిజంగానే మాన్పించారా?"

"మానీసింది బాబూ. ఒట్టు."

"అయినా ఒక్క అనుమానం మిగిలే ఉంది. పుట్టు ముక్కే అలాంటిదైతే, ఎప్పుడూ వాసన తెలియని మనిషే అయితే, ఇది కొత్తగా వచ్చిన లోపం కాదు. అప్పుడు దీన్ని లెక్కలోంచి తీసెయ్యాలి. పోయినసారి మీరు అలాగే చెప్పారు కదా, ఈవిడకి మొదటి నుంచీ ముక్కు లేదని?"

తవిటయ్య తల ఊపబోయాడు. పిల్లని చంకలో వేసుకుని అచ్చియ్యమ్మ ఆ మాట వింది. అందరి ముందూ తనకి ముక్కు లేదనడం ఆవిడకి తగిలింది.

"ఎవులన్నారు?" అంది. "నాకా ముక్కు నేదు? ఇదిగో బాబూ, మా సోడారంలో ఫేక్టరీ తెరిసినప్పుడు ఊరందరికన్నా ముందు నాకే తెలిసీది. సైరను కూయకముందే సెప్పీదాన్ని, కత్తి నూరుకోమని. అడుగు ఈయన్నే. అవునా కాదేటయ్యా? సెప్పు!"

గర్వంగా చూసింది. పాత సంగతులు ఒక్కటీ మరుపు రాలేదు ఆవిడకి.

శివాజీ తండ్రిని చూశాడు. డాక్టరూ చూశాడు. తవిటయ్య కాళ్ళ దగ్గర పలకలు చూస్తూ నిలబడ్డాడు.

"సెప్పవేటయ్యా?"

"అవును" అన్నాడు తవిటయ్య.

డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆవిడ రోజూ ఏమేం మర్చిపోతోందో కూడా అడిగి తెలుసుకుని, మెత్తగా చాలా మాటలు చెప్పాడు. మతిమరుపు జబ్బే కావొచ్చు, నయం చేసే మందు లేదన్నాడు. ఒంటరిగా వదలొద్దన్నాడు. పొయ్యి దగ్గరికి పంపొద్దన్నాడు. రూపాదేవి కళ్ళు తుడుచుకుంది. అత్తగారి చంకలోంచి పిల్లని తీసుకోవడానికి రెండుసార్లు చేతులు చాచి, రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. మూడోసారి శివాజీ తీసుకున్నాడు. అచ్చియ్యమ్మ ఇచ్చేసింది, బస్సెక్కేముందు ఒక్క నిమిషం పట్టుకోమని ఇచ్చినట్టు.

"ఆదివారం తీసుకొస్తాను, మావయ్యా" అంది రూపాదేవి. "మేం ఉండగా ఆడించుకోవచ్చు."

తవిటయ్యకి ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని ఉంది. కాలిన గౌను కళ్ళ ముందుకొచ్చి అదీ రానివ్వలేదు.

చోడవరం పొలిమేరలో బస్సులో జనం ముక్కులు మూసుకున్నారు. ఫ్యాక్టరీ మడ్డి కంపు. "అబ్బ, ఏం ఊర్రా బాబూ" అన్నాడు ముందు సీటులో ఎవరో. అచ్చియ్యమ్మ కిటికీ కమ్మీ మీద చుబుకం ఆనించి చెరుకు బళ్ళని చూస్తోంది. "ఇంకా ఎంతదూరమయ్యా మనూరు?" అంది.

మర్నాడు పొద్దున్న ఆవిడ లేచి చుట్టేదని అడగలేదు. తవిటయ్య కాసేపు ఎదురు చూశాడు. తర్వాత అటకెక్కి తాటాకు సందులోంచి పొగాకు కట్ట తీశాడు. మంచి ఆకు ఏరి, తడిపి, ఆవిడకి నచ్చినంత లావున చుట్టాడు. ఆవిడని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి శాల వెనక కాదు, వీధి అరుగు మీద, అందరూ చూసేచోట కూర్చోబెట్టాడు. ఇక ఎవరి కోసం దాచాలి? చుట్ట అంటించి, నిప్పు బాగా రాజుకునేదాకా తనే రెండు దమ్ములు లాగి, ఆవిడ చేతికిచ్చాడు.

అచ్చియ్యమ్మ చుట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆయన నోటి వైపు ఒకసారి చూసింది. చల్లని కొస పెదాల మధ్య పెట్టుకుంది. నిప్పు బయట ఎర్రగా వెలుగుతోంది. ఒక్క దమ్ము లాగి ఖళ్ళున దగ్గింది.

ఎదురరుగు మీంచి సన్యాసమ్మ పకపకా నవ్వింది. "ఏటొదినా, మగోడిలాగ కాలుత్తన్నావు! తిప్పు, తిప్పు!"

అచ్చియ్యమ్మ కూడా నవ్వింది. ఏం తిప్పాలో ఆవిడకి తెలియలేదు. ఒళ్ళో ఉన్న కొంగు తిప్పింది. సన్యాసమ్మ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. తన నోట్లో చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

తవిటయ్య ఆవిడ వేళ్ళ మధ్యనుంచి చుట్ట తీసుకుని అరుగు అంచున రుద్ది ఆర్పాడు. పొగాకు కట్ట చేతబట్టుకుని వీధి దాటి వెళ్ళి సన్యాసమ్మ ఒళ్ళో పెట్టాడు.

"వొదినకో, అన్నా?"

ఆయన తిరిగి వచ్చి స్టవ్‌లోంచి కిరసనాయిలు వంపేసి, అగ్గిపెట్టె మొలలో దోపుకుని, అచ్చియ్యమ్మ పక్కన అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు చెరుకు కొట్టడానికి వెళ్ళలేదు.